వేలం సైట్లలో ఫీడ్‌బ్యాక్: కొన్నాను, అమ్మాను, చూసింది ఇదీ

మాది మహబూబ్‌నగర్. నిజాం కాలం నాణేలంటే నాకు ప్రాణం. ఈబే ఇండియా 2018 ఆగస్టులో మూతపడేదాకా అందులోనే కొన్నాను. ఆ తర్వాత నాణేల కోసమే ఉన్న మరో వేలం సైట్‌కు మారి, అక్కడ అమ్మడం కూడా మొదలుపెట్టాను. ఇన్నేళ్లలో రెండు వైపులా చూశాను కాబట్టి ఈ సమీక్ష.

ఫీడ్‌బ్యాక్ అంటే కొన్నాక అమ్మినవాళ్లకు ఇచ్చే ప్లస్, మైనస్ గుర్తులు, వాటితో రాసే మాటలు. కొనేవాళ్లకు ఇది నిజంగా పనికొస్తుంది. అయితే ప్లస్‌ల శాతం చూసి మోసపోవద్దు. యాభై, వంద రూపాయల స్టాంపు ప్యాకెట్లు అమ్మి వందల ప్లస్‌లు పోగేసుకుని, ఆ పేరు మీద నకిలీ వెండి రూపాయిని వేలానికి పెట్టేవాళ్లున్నారు. ఆ ప్లస్‌లు ఏ సరుకుకు వచ్చాయో చూడాలి. నేను ముందు మైనస్‌లే చదువుతాను. ‘ఆలస్యమైంది’ అంటే పట్టించుకోను, ‘ఫొటోలో ఉన్న నాణెం రాలేదు’ అంటే పాట పాడను. చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ రూపాయి మీద చార్మినార్ ద్వారంలో ‘ఐన్’ అనే ఉర్దూ అక్షరం ఉంటుంది. అది స్పష్టంగా కనిపించేలా ఫొటో పంపమని అడిగితే విసుక్కునే అమ్మకందారుకు ఎన్ని ప్లస్‌లున్నా నాకు నమ్మకం కుదరదు.

అమ్మేవాళ్ల సంగతి వేరు. ఒకసారి 1940ల నాటి రూపాయి పెట్టాను. ఎప్పుడో ఎవరో చింతపండుతో తోమారు, అంచు దగ్గర సన్నటి గీతలున్నాయి. ఆ మాట రాశాను, దగ్గరి నుంచి ఫొటో కూడా పెట్టాను. కొన్నాయన మాత్రం ‘కడిగిన నాణెం అంటగట్టాడు’ అని మైనస్ కొట్టాడు. దాని కింద ఒక్క ముక్క జవాబు రాసుకోవడం తప్ప నేను చేయగలిగింది లేదు. జవాబు చదివేదెవరు? ఎర్ర గుర్తే కనిపిస్తుంది.

ఇది ఎందుకిలా అయిందో కూడా చెప్పాలి. ఈబేలో ఫీడ్‌బ్యాక్ 1996లో మొదలైంది. మొదట ఇద్దరూ ఒకరికొకరు ప్లస్, మైనస్ ఏదైనా ఇచ్చుకోవచ్చు. దాంతో నువ్వు మైనస్ ఇస్తే నేనూ ఇస్తానన్న బెదిరింపులు మొదలయ్యాయి. మోసపోయినవాళ్లు కూడా భయపడి నోరు మూసుకున్నారు. అందుకే 2008లో అమ్మేవాళ్లు కొనేవాళ్లకు మైనస్ ఇచ్చే వీలు తీసేశారు. ఆ భయం నిజమే, తీసేయడమూ సబబే. కానీ పాట పాడి డబ్బు కట్టనివాడిని ఏం చేయాలి? నేను వాడే సైట్‌లోనూ అదే పద్ధతి. ఒకాయన రేటు ఎక్కించి ఎక్కించి గెలిచాడు, తర్వాత ఫోన్ ఎత్తలేదు. రెండో పాటదారు అప్పటికే వేరే నాణెం కొనేసుకున్నాడు. సైట్‌కు ఫిర్యాదు చేశాను. తీసుకున్నారు, కానీ అది మిగతా అమ్మకందారులకు కనిపించదు. ఆయన ఖాతా ఈరోజుకీ పచ్చగానే ఉంది. మా బాదేపల్లి యార్డులో వేరుశనగకు పాట పాడి సరుకు ఎత్తని వ్యాపారి సంగతి మర్నాటికల్లా అందరికీ తెలిసిపోతుంది.

నాకు న్యాయమనిపించే దారి ఒకటుంది. బస అద్దెకిచ్చే సైట్ ఎయిర్‌బీఎన్‌బీ 2014లో తెచ్చిన పద్ధతిలో అద్దెకిచ్చినవాళ్లు, దిగినవాళ్లు ఇద్దరూ రాసేదాకా, లేదా 14 రోజుల గడువు ముగిసేదాకా ఒకరు రాసింది ఇంకొకరికి కనిపించదు. ఎదుటివాడు ఏం రాశాడో తెలియనప్పుడు కక్ష తీర్చుకోవడం కుదరదు. వేలం సైట్లూ ఇది పెట్టాలి. డబ్బు ఎగ్గొట్టడం మాత్రం అభిప్రాయం కిందికి రాదు, జరిగిన సంగతి. ఎన్ని పాటలు గెలిచి ఎన్నిటికి కట్టలేదో సైటే లెక్క చూపించాలి. పెద్ద రేటు నాణేలకైతే బయానా కట్టాకే పాట పాడనివ్వాలి.

కొనేవాళ్ల వైపు నుంచి ఈ ఫీడ్‌బ్యాక్ పద్ధతికి ఐదుకు నాలుగు ఇస్తాను, అమ్మేవాళ్ల వైపు నుంచి రెండే. ఇప్పుడు చిల్లర నాణేలే వేలానికి పెడుతున్నాను. మంచి వెండి రూపాయి ఉంటే ధర రాసి, తెలిసినవాళ్లకే అమ్ముతున్నాను.