కథ విశ్లేషణ: వాతావరణంతో మొదలుపెట్టాలా, పాత్రతోనా? ఏది మేలు?

కథను విశ్లేషించడం నేర్చుకునేవాళ్ళ ముందు రెండు దారులుంటాయి. ఎవరు ఎలాంటివారో ముందు తేల్చుకుని తర్వాత ఊరూ కాలమూ చూడటం ఒకటి. చోటు, వేళ, వస్తువులు, అంటే కథ వాతావరణం, ముందు ఏరుకుని వాటి మధ్య మనిషిని నిలబెట్టి చూడటం రెండోది. కొత్తవాళ్ళకు రెండోదే మేలు. నాటకం దగ్గర మాత్రం లెక్క మారుతుంది.

గురజాడ అప్పారావు కథ ‘దిద్దుబాటు’ (1910) తీసుకోండి. అందులో గోపాలరావు భర్త, కమలిని భార్య. పాత్రతో మొదలుపెట్టినవాళ్ళు చాలావరకు ‘గోపాలరావు బలహీనుడు, కమలిని తెలివైనది’ అని రాసి ఆగిపోతారు. అది తీర్పు, విశ్లేషణ కాదు. విశేషణం రాగానే పని అయిపోయిందనిపిస్తుంది, ఆ తర్వాత కథలోంచి వెతికేదంతా ఆ ముక్కకు సాక్ష్యం కోసమే.

అదే కథను వాతావరణంతో చూడండి. గడియారం రాత్రి ఒంటిగంట కొడుతుంది. గోపాలరావు తలుపు దగ్గర నిలబడి ఉంటాడు. లోపల అగ్గిపుల్ల వెలిగించి చూస్తే కమలిని లేదు. పుల్ల చేతిలోంచి రాలిపోతుంది, గదిలోనూ అతని మనసులోనూ చీకటి కమ్ముతుంది. అతని భయాన్ని రచయిత విశేషణాలతో కాకుండా అగ్గిపుల్లతో చెప్పాడు. ఇది పట్టుకున్నవాళ్ళు ‘బలహీనుడు’ అన్న మాటతో ఊరుకోలేరు. కాలం కూడా తోడు రావాలి. అది భోగం మేళాలకు, అంటే సానుల ఆటపాటలకు వ్యతిరేకంగా ఉద్యమం నడుస్తున్న కాలం. గోపాలరావు ఆ ఉద్యమం పక్షంవాడై ఉండి సాని పాట వినడానికి పోయాడు. ఈ సంగతి తెలియకపోతే అతని తప్పు ఆలస్యంగా ఇల్లు చేరడమే అనిపిస్తుంది.

చేసే పద్ధతి ఇది. చిన్న కథను మూడుసార్లు చదవాలి. మొదటిసారి పెన్సిల్ ముట్టుకోవద్దు. రెండోసారి వేళ, చోటు, వెలుతురు, చప్పుడు, వస్తువు చెప్పే మాటల కింద గీత గీయండి. మూడోసారి మరో రంగుతో మనిషి అన్నది, చేసినది, అతని గురించి ఇతరులన్నది గుర్తించండి. నోటుపుస్తకంలో పేజీని నిలువుగా రెండు చేసి ఎడమవైపు కథలోని మాటలే ఎత్తి రాయండి, కుడివైపు దాన్నిబట్టి తెలిసేది ఒక్క వాక్యంలో. కుడివైపు నిండి ఎడమవైపు ఖాళీగా ఉంటే మీరు ఊహిస్తున్నారన్నమాట. ఎడమవైపే నిండితే కథను తిరగరాస్తున్నారు. రెండో పొరపాటే ఎక్కువమంది చేస్తారు.

ఇక గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’. నాటకంలో వర్ణనలు తక్కువ కాబట్టి వాతావరణం కోసం వెతికితే పెద్దగా దొరకదు, మాట మీదే అంతా నడుస్తుంది. ఇక్కడ పాత్రతోనే మొదలుపెట్టాలి, అయితే గుణాలతో కాదు, ఎవరితో ఎలా మాట్లాడుతున్నారన్నదానితో. మాటకారి గిరీశం తన శిష్యుడు వెంకటేశంతో, వేశ్య మధురవాణితో, వెంకటేశం అక్క బుచ్చమ్మతో మాట్లాడే తీరులు మూడూ పక్కపక్కన రాయండి. ఎక్కడ ఇంగ్లీషు పెరుగుతుందో, ఎక్కడ తగ్గుతుందో చూస్తే మనిషి తెలిసిపోతాడు. అయినా మొదటి స్థలం పేరు మీద కన్నేసి ఉంచండి. విజయనగరంలో బొంకులదిబ్బ. ఊళ్ళో నిజంగా ఉన్న చోటే, కానీ పూటకూళ్ళమ్మ డబ్బు ఖర్చుచేసిన గిరీశం తెర తీయగానే నిలబడింది ‘బొంకు’ (అబద్ధం) అన్న మాట ఉన్న చోట.

నాటకానికి వాతావరణం అక్కర్లేదని మాత్రం అనుకోవద్దు. 1897 నాటి తొలి కూర్పు ముందుమాటలో గురజాడ ఒక లెక్క ఇచ్చారు: విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో 1034 శుల్క వివాహాలు, అంటే ఆడపిల్లకు డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళు. ఈ అంకె చూశాక నాటకంలో ముసలి లుబ్ధావధాన్లు డబ్బిచ్చి చిన్నపిల్లను చేసుకోవాలనుకునే పెళ్ళి ప్రయత్నం నవ్వు కోసం పెంచి రాసింది కాదని అర్థమవుతుంది.

ఏ దారిలో వెళ్ళినా చివర ఒక పరీక్ష పెట్టండి: కథను మరో ఊరికో కాలానికో తరలిస్తే ఏం విరుగుతుంది? ‘దిద్దుబాటు’ను సెల్‌ఫోన్ల కాలానికి తెస్తే కమలిని భర్తకు రాసిపెట్టిన ఉత్తరం బరువు పోతుంది. అప్పట్లో భార్య ఉత్తరం రాయగలగడమే విశేషం, ఆమె చదువు ఆ ఉత్తరంలోనే కనిపిస్తుంది. విరిగిన చోటల్లా మీ వ్యాసంలో ఒక పేరా అవుతుంది.