చిత్తూరులో కుట్టించిన దోమతెర: మడాంగ్‌లో రెండేళ్లు వాడాక

ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న పాపువా న్యూగినీ దేశంలో ఒక బైబిల్ కాలేజీలో పాఠాలు చెప్పే పని మా ఆయనకు ఖాయమైనప్పుడు మా అత్తమ్మ అడిగిన మొదటి మాట, "అక్కడ దోమలెక్కువా?" అని. ఆమె పోరు పడలేకే చిత్తూరు పాత బస్టాండు దగ్గర పరుపులు కుట్టే అంగడిలో ఈ తెర కుట్టించాం. రెండు మంచాలు కలిపి వేసుకుంటే సరిపోయేలా 8 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు. కుట్టుకూలితో 1,850 రూపాయలైంది. రెడీమేడ్‌వి 600కే వస్తాయి కానీ వాటిలో నలుగురం పట్టం.

మేముండే మడాంగ్, సముద్రం ఒడ్డు ఊరు. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాది పొడవునా ఆరు, ఆరున్నరకల్లా చీకటి పడిపోతుంది. మలేరియా ఫాల్సిపేరమ్, వైవాక్స్ రెండు రకాలూ ఉంది. అందుకని ఏడింటికే అన్నాలు ముగించి తెరలో దూరేవాళ్లం. మా భాష క్లాసు కూడా అందులోనే. ఆ దేశంలో 800కు పైగా భాషలున్నాయి. వేరే వేరే ఊళ్లవాళ్లు కలిస్తే మాట్లాడుకునేది టోక్ పిసిన్. పగలు పక్కింటావిడ దగ్గర విన్న మాటలు రాత్రి టార్చిలైటు వెలుగులో నోటుబుక్కులో ఎక్కించుకునేవాళ్లం. దోమ అంటే నట్‌నట్, దోమతెర టౌనం. గెనుసుగడ్డ కౌకౌ. ఆవిడ రోజూ అదే తెచ్చిచ్చేది కాబట్టి ఆ మాట మొదటిరోజే వచ్చేసింది.

తెలుగువాళ్లకు ఆ భాషలో ఒక లాభముంది. మనం అనడానికి యూమీ, మేము అనడానికి మీపెలా. అమెరికా నుంచి వచ్చిన దంపతులు ఈ రెండింటితో ఆర్నెల్లు తంటాలు పడ్డారు. ఒకరోజు ప్రార్థనలో దేవుణ్ని కూడా కలుపుకుని "మన పాపాలు క్షమించు" అనేశారు పాపం. మా చిన్నది ఒక్కసారి వినగానే పట్టేసింది. నా తిప్పలు వేరు. క్రియ చివర పెట్టే అలవాటు పోదు కదా, "మి కుకిం రైస్" అనాల్సిన చోట "మి రైస్ కుకిం" అనేదాన్ని. పిల్లలు పడుకునే నన్ను దిద్దేవాళ్లు.

ఇక తెర సంగతి. వల గట్టిది, రెండేళ్లలో ఒక్క చిరుగు లేదు. కింద అడుగు వెడల్పున బట్ట అంచు వేశారు, పరుపు కిందికి చక్కగా దోపుకోవచ్చు. నాకు బాగా నచ్చింది అదే. కానీ ఇనుప జిప్పు మూడో నెలకే ఉప్పుగాలికి తుప్పు పట్టి బిగుసుకుపోయింది. నూలు నాడాలు బూజు పట్టి ఒక్కొక్కటే తెగాయి. మూలలు చేపల వల తాడుతో కట్టుకున్నాం. పైగా ఇది మందు కలిపిన తెర కాదు. నిద్రలో చెయ్యి వలకు ఆనితే బయటనుంచే కుట్టేస్తాయి. మందు కలిపినవి అక్కడ ఉచితంగానే పంచుతారు, ఒకటి తీసుకుని గోడవైపు అదనంగా కట్టాం.

పెద్దదానికి ఒకసారి మలేరియా వచ్చింది. తెరది తప్పని అనను. పడుకోబోయే ముందు, పిల్లలు మెట్ల మీద ఆడుకునే వేళ కూడా అక్కడి దోమలు కుడతాయి. ఆస్పత్రిలో నర్సుకు పిల్లే సొంతంగా చెప్పుకుంది, "స్కిన్ బిలోంగ్ మి ఇ హాట్" అని, ఒళ్లు కాలిపోతోందని. నేను పక్కన నిలబడి క్రియ ఎక్కడ పెట్టాలా అని వెతుక్కుంటున్నాను.

ఈసారి సెలవుకొచ్చి పాత తెర పట్టుకుని అదే అంగడికి వెళ్లాం. పెద్దాయన జిప్పు చూసి, "సముద్రం పక్కన అని అప్పుడే చెప్పుంటే జిప్పు వేసేవాణ్ణి కాదమ్మా" అన్నాడు. మమ్మల్ని ఎవరూ అడగలేదు, సరే. కొత్తదానికి జిప్పు లేదు. తెరుచుకునే చోట రెండు అంచులు ఒకదాని మీద ఒకటి మూరెడు పడేలా, నైలాను నాడాలతో 2,100కు ఒప్పుకున్నాడు. వల అదే రకం కావాలని గట్టిగా చెప్పాను.

గురువారం ఇస్తానన్నాడు. కిందటిసారీ గురువారమే అన్నాడు, ఇచ్చింది సోమవారం. చెన్నైలో మా ఫ్లైట్ ఆదివారం రాత్రి. ఆ టెన్షన్‌కే రోజూ పాలకు వెళ్తూ ఆ అంగడి ముందునుంచి వెళ్తున్నాను.