జఫర్ వెంట ఢిల్లీ: షాజహానాబాద్ నుంచి మెహ్రౌలీ దాకా

ఢిల్లీ వెళ్లొచ్చిన మనవాళ్లను అడిగితే చాలామంది చెప్పేది ఒకటే వరస. పొద్దున్నే బస్సెక్కి ఎర్రకోట, రాజ్‌ఘాట్, ఇండియా గేట్, లోటస్ టెంపుల్, కుతుబ్ మినార్ చూసి చీకటిపడేసరికి మళ్లీ హోటల్‌కి. ఒక్కో చోట అరగంట, ముప్పావుగంట. అలా తిరిగితే ఫొటోలు మిగులుతాయి గానీ ఊరు అర్థం కాదు. ఈసారి మా అమ్మ కూడా వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ పరుగులు పెట్టలేదు కాబట్టి పూటకో పేట అనుకున్నాం. ఏ పేటకు వెళ్లినా అక్కడే తిరిగి, అక్కడే తిని, అలిసిపోతే వచ్చేయడం.

ఎన్ని పేటలని చూస్తాం, ఏవి వదిలేస్తాం అన్న ప్రశ్నకు జవాబు ఆఖరి మొఘల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్ దగ్గర దొరికింది. ఆయన గద్దె ఎక్కింది షాజహానాబాద్‌లో, అంటే ఎర్రకోట ఉన్న పేటలో. ఇంగ్లిష్ వాళ్లకు చిక్కింది హుమాయూన్ సమాధి దగ్గర. చనిపోయాక తనను ఉంచమని కోరుకున్నది మెహ్రౌలీలో. ఈ మూడూ చూస్తే పాత ఢిల్లీలో ముఖ్యమైన పేటలు చాలావరకు చూసినట్టే.

ముందు బస సంగతి. మన వైపు నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయినా, విశాఖ నుంచి వచ్చే ఏపీ ఎక్స్‌ప్రెస్ అయినా న్యూఢిల్లీ స్టేషన్‌లో దింపుతుంది. స్టేషన్‌కి ఒక పక్క పహాడ్‌గంజ్, రెండో పక్క అజ్మేరీ గేట్. చవక గదులన్నీ పహాడ్‌గంజ్ వైపే. మేమూ మొదట అక్కడే దిగాం. ఆన్‌లైన్‌లో కిటికీ ఉన్న గది అని చూపించారు. వెళ్లి తలుపు తీస్తే ఆ కిటికీకి జానెడు దూరంలో పక్క భవనం గోడ. లిఫ్ట్ పనిచేయడం లేదు, మాకిచ్చింది మూడో అంతస్తు. రాత్రి రెండింటి దాకా సందులో హారన్లు. ఒంటరిగా తిరిగే కుర్రాళ్లకు, తెల్లారి రైలు పట్టుకోవాల్సినవాళ్లకు పహాడ్‌గంజ్ సరిపోతుంది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు మాత్రం వద్దనే చెబుతాను. ఇంకో జాగ్రత్త కూడా. స్టేషన్ బయట "మీ హోటల్ మూసేశారు, రండి టూరిస్ట్ ఆఫీసులో కనుక్కుందాం" అని మర్యాదగా పలకరించేవాళ్లు తగులుతారు. ఆగకుండా నడిచి వెళ్లిపోవాలి.

మర్నాడే గ్రీన్ పార్క్‌లో ఒక హోమ్‌స్టేకి మారాం. కింది అంతస్తు గది, వేడినీళ్లు, బయట చెట్లు, మెట్రోకి ఐదు నిమిషాల నడక. అద్దె పహాడ్‌గంజ్ కంటే కొంచెం ఎక్కువే అయినా ప్రతి రూపాయికీ న్యాయం జరిగింది. అన్నిటికంటే కలిసొచ్చింది మెట్రో పసుపు లైన్. గ్రీన్ పార్క్‌లో ఎక్కితే ఒకవైపు చాందినీ చౌక్, ఇంకోవైపు కుతుబ్ మినార్, రెండింటికీ రైలు మారే పనే లేదు. కరోల్ బాగ్‌లో కూడా మధ్యరకం హోటళ్లు బోలెడు, ఇడ్లీ దోసెలూ సులువుగా దొరుకుతాయి. కానీ అది బ్లూ లైన్ మీద ఉంది. ప్రతిసారీ రాజీవ్ చౌక్‌లో మారాలి. సాయంత్రం పూట ఆ స్టేషన్‌లో జనం మధ్య అమ్మను నడిపించడం నా వల్లయ్యేది కాదు.

ఇక షాజహానాబాద్. ఆగ్రా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాలని షాజహాన్ 1639లో కోట మొదలుపెట్టించాడు, 1648కి పూర్తయింది. కోట ముందున్న చాందినీ చౌక్ బజారును ఆయన కూతురు జహానారా వేయించింది. అప్పట్లో దాని మధ్యలో కాలువ పారేదట. ఇప్పుడు ఆ వీధిలో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా మోటారు బండ్లు రానివ్వడం లేదు. ఎర్రరాతి పలకలు పరిచారు, కూర్చోడానికి దిమ్మెలు కట్టారు. ఈ ఒక్క మార్పుతో పెద్దవాళ్లు కూడా ధైర్యంగా నడవగలుగుతున్నారు. అలసిపోతే సైకిల్ రిక్షా ఉంది. ఎక్కే ముందే "మొత్తం ఎంత, ఎక్కడెక్కడ ఆపుతావు" అని తేల్చుకోవాలి. మమ్మల్ని ఎక్కించుకున్న పెద్దాయన, "మాతాజీ, మెల్లగా దిగండి" అంటూ ప్రతిచోటా అమ్మ చెయ్యి పట్టుకుని దింపాడు. అనుకున్న డబ్బు కంటే ఎక్కువ ఇస్తే తీసుకోవడానికి మొహమాటపడ్డాడు.

కోటకు టికెట్ ఆన్‌లైన్‌లో తీసుకుంటే లైను తప్పుతుంది. సోమవారం సెలవు. లాహోరీ గేటు దాటి, పైకప్పు ఉన్న పాత బజారు గుండా లోపలికి వెళ్లాక చాలామంది దీవాన్-ఎ-ఆమ్, అంటే ప్రజల కోసం దర్బారు తీరిన మందిరం చూసి వెనక్కి తిరుగుతారు. అక్కడ ఆగిపోవద్దు. అటు వెనక నది వైపున ఉన్న ఆంతరంగిక దర్బారు మందిరం దీవాన్-ఎ-ఖాస్ దాకా వెళ్లాలి. నెమలి సింహాసనం ఉన్నది అక్కడే, 1739లో నాదిర్ షా ఎత్తుకుపోయాడు. పాలరాతి స్తంభాల దగ్గరగా నిలబడి చూడండి. పూల డిజైన్‌లో ఒక రేకు ఎర్రగా నిండుగా ఉంటుంది, పక్క రేకు ఖాళీ గుంట. రాళ్లు పొదిగిన చోట్ల చాలావరకు గుంటలే మిగిలాయి. కొన్ని గుంటల అంచుల్లో పెకలించిన గీతలు కూడా కనబడ్డాయి. అమ్మ వాటి దగ్గర చాలాసేపు నిలబడిపోయింది.

1857 తిరుగుబాటును ఇంగ్లిష్ వాళ్లు అణిచేశాక, 1858 జనవరిలో మొదలుపెట్టి మార్చి దాకా జఫర్‌ని ఈ మందిరంలోనే విచారించారు. ఎనభై దాటిన మనిషిని, ఆయన దర్బారు తీరిన చోటే ముద్దాయిగా కూర్చోబెట్టారు. తర్వాత బర్మాలోని రంగూన్‌కి పంపేశారు. కోట లోపలి మహళ్లలో ఎక్కువ భాగం పడగొట్టి సైనికుల బారకాసులు కట్టారు. మొఘలుల కోటలో ఆ మొండి భవనాలు ఎందుకున్నాయో ఇది తెలిస్తేనే అర్థమవుతుంది. 1945లో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులపై విచారణ జరిపింది కూడా ఈ కోటలోనే. బారకాసుల్లో ఉన్న నేతాజీ మ్యూజియానికి గంట కేటాయించండి, మొత్తం కోటలో నాకు బాగా నచ్చింది అదే.

బల్లీమారాన్ సందులో గాలిబ్ హవేలీ ఉంది. జఫర్ కొలువులో ఉన్న కవి ఇల్లు. మిగిలింది చిన్న భాగమే, పావుగంటలో అయిపోతుంది. అయినా ఆ సందు కోసమైనా వెళ్లాలి. శీష్‌గంజ్ గురుద్వారాలో కాసేపు కూర్చున్నాం. 1675లో గురు తేగ్ బహదూర్ ప్రాణాలిచ్చిన చోటు అది. లోపల శుభ్రత, సేవ చేసేవాళ్ల మర్యాద గురించి ఎంత చెప్పినా తక్కువే. వీధి చివర ఫతేపురీ మసీదు, దాని పక్కనే ఖారీ బావలీ మసాలా బజారు. మిరపకాయల ఘాటుకు అక్కడ దగ్గనివాళ్లు లేరు, కూలీలు సైతం. ఒక కొట్టు ముందు గోతాం మీద "తేజ" అని కనబడగానే అమ్మ ఆగి, రెండు కాయలు విరిచి వాసన చూసి, "మన గుంటూరు వైపుదే" అని తేల్చేసింది. ఆదివారం ఈ బజారు ఉండదు.

తిండి విషయంలో పరాఠే వాలీ గలీ నన్ను నిరాశపరిచింది. పరాఠాలను కాల్చరు, నేతిలో ముంచి వేయిస్తారు. ఒకటి తినేసరికి భారం. దరీబా మూల మీద జిలేబీ మాత్రం లావుగా, వేడిగా, నిజంగా రుచిగా ఉంది. చలికాలంలో అయితే దౌలత్ కీ చాట్ వదలొద్దు. పాలనురగ మీద కాస్త కుంకుమపువ్వు, కోవా చల్లి ఆకు దొన్నెలో ఇస్తారు. నోట్లో పెట్టుకోగానే మాయం. ఎండ ముదిరితే దొరకదు, పొద్దున్నే వెళ్లాలి. అన్నం మీద బెంగ పెట్టుకున్న రోజు అశోకా రోడ్‌లోని ఆంధ్రభవన్ క్యాంటీన్‌కి వెళ్లాం. పప్పు, పొడి, నెయ్యి, అడిగినంత వడ్డన. మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్తే నిలబడాల్సిందే, పన్నెండున్నరకే చేరడం మేలు.

రెండో పేట నిజాముద్దీన్. హుమాయూన్ సమాధిని ఆయన భార్య హాజీ బేగం కట్టించింది. తాజ్‌మహల్ మొదలవడానికి సుమారు అరవై ఏళ్ల ముందే పూర్తయింది. చాలామంది దీన్ని "తాజ్‌కి నమూనా" అని ఒక్క మాటలో తేల్చేస్తారు, అది అన్యాయం. తెల్లరాయితో పాటు ఎర్రరాయి కలిసిన ఈ కట్టడానికి తనదైన గాంభీర్యం ఉంది. ఆగా ఖాన్ ట్రస్టు ఏళ్ల తరబడి చేసిన మరమ్మతుల వల్ల తోట, నీటి కాలువలు, రాతి పని అన్నీ కళకళలాడుతున్నాయి. టాయిలెట్లు శుభ్రంగా ఉన్నాయి, తాగునీరు ఉంది. ఢిల్లీలో మేం చూసిన వాటిలో నిర్వహణకు దీనికే మొదటి మార్కు. పైకి మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్లు నొప్పిగా ఉంటే కింది నుంచే చూడొచ్చు. అమ్మ కింద చెట్టు నీడలో కూర్చుంది. 1857 సెప్టెంబరులో ఢిల్లీ చేజారాక జఫర్ తలదాచుకున్నది తన పూర్వీకుల ఈ సమాధి దగ్గరే. హడ్సన్ అనే అధికారి ఇక్కడే ఆయన్ను పట్టుకున్నాడు. మర్నాడు ఇద్దరు కొడుకులను, ఒక మనవడిని ఊళ్లోకి తీసుకెళ్తూ దారిలో కాల్చేశాడు. అది జరిగిన దర్వాజా ఇప్పటికీ జఫర్ పేరే పెట్టిన రోడ్డు మీద ఉంది, ఖూనీ దర్వాజా అంటారు.

పక్కనే సుందర్ నర్సరీ, పిల్లలుంటే అక్కడ పూటంతా గడిచిపోతుంది. రోడ్డు దాటితే సూఫీ గురువు నిజాముద్దీన్ దర్గా. గురువారం సాయంత్రం ఖవ్వాలీ వినడానికి విపరీతంగా జనం వస్తారు. చెప్పులు మా దగ్గరే పెట్టండి, పూలు కొనండి అని దారి పొడవునా చేతులు పట్టి లాగుతారు. కోపం తెచ్చుకోకుండా ముందుకు సాగాలి. ఆడవాళ్లను లోపలి గదిలోకి రానివ్వరు, బయటి ఆవరణలో కూర్చోవచ్చు. అక్కడే ఆయన శిష్యుడు, కవి అమీర్ ఖుస్రో సమాధి కూడా ఉంది. గురువూ శిష్యుడూ ఇద్దరూ 1325లోనే పోయారు.

మెహ్రౌలీలో అందరూ కుతుబ్ మినార్ చూసి బస్సెక్కేస్తారు. మినార్ ఎత్తు సుమారు 73 మీటర్లు. 1981లో లోపల తొక్కిసలాట జరిగినప్పటి నుంచి పైకి ఎక్కనివ్వడం లేదు. పొద్దున తలుపులు తీసిన వేళకే వెళ్తే రద్దీ తక్కువ. తుప్పు పట్టని ఇనుప స్తంభం చుట్టూ కంచె ఉంది, కొంచెం దూరం నుంచే చూడాలి. అక్కడి నుంచి మెహ్రౌలీ ఆర్కియలాజికల్ పార్కుకి నడిచి వెళ్లొచ్చు, టికెట్ లేదు. చెట్ల మధ్య లోదీల కాలపు మెట్ల బావి రాజోఁ కీ బావలీ, పై కప్పులో నీలం ఎరుపు రంగులు ఇంకా చెదరని జమాలీ కమాలీ సమాధి ఉన్నాయి. బోర్డులు తక్కువ, దారి తికమక, నీళ్ల సీసా మనమే తీసుకెళ్లాలి. పాత కట్టడాల పరిరక్షణ చూసే ఇంటాక్ సంస్థ వాళ్లు నిర్వహించే హెరిటేజ్ వాక్ దొరికితే దానితో వెళ్లడం మంచిది.

మెహ్రౌలీ ఊళ్లో, సూఫీ గురువు బఖ్తియార్ కాకీ దర్గాను ఆనుకుని జఫర్ మహల్ ఉంది. ఏనుగు అంబారీతో సహా పట్టేంత ఎత్తు దర్వాజా జఫర్ కట్టించిందే. లోపల గదుల కప్పులు కూలిపోయాయి, గోడల మీద పేర్లు చెక్కారు. కాపలా మనిషి ఒక చిన్న పాలరాతి మసీదు పక్కనున్న ఆవరణ చూపించాడు. జఫర్ తండ్రి అక్బర్ షా, తాత షా ఆలం సమాధులు అక్కడే ఉన్నాయి. వాటి దగ్గర ఒక మనిషికి సరిపడా చోటు ఖాళీగా ఉంది. తన కోసం జఫర్ ఎంచుకున్న చోటు అది. 1862లో ఆయన రంగూన్‌లో పోతే అక్కడే పూడ్చేశారు. ఇంత చరిత్ర ఉన్న చోట మేమున్నంతసేపూ ఇంకో యాత్రికుడు కనబడలేదు. ఈ మహల్‌ని కాస్త శుభ్రం చేసి, గేటు దగ్గర నాలుగు మాటలు రాసిన బోర్డు పెడితే జనం రారా?

వెళ్లేవాళ్లు వారాలు చూసుకుని వేసుకోండి. సోమవారం ఎర్రకోటకు, మ్యూజియాలకు సెలవు కాబట్టి ఆ రోజు మెహ్రౌలీ. గురువారం సాయంత్రం నిజాముద్దీన్. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ జామా మసీదుకు వెళ్లొద్దు. నవంబరులో గాలి మరీ దారుణంగా ఉంటుంది, ఉబ్బసం ఉన్నవాళ్లు ఫిబ్రవరి, మార్చి మొదటి వారాలు ఎంచుకోవడమే మంచిది. అప్పటికి పొగమంచు కూడా తగ్గి రైళ్లు కాస్త టైముకి నడుస్తాయి.