యాంటీవైరస్ ఆపేయాలా, యాప్‌కి అనుమతివ్వాలా?

క్లౌడ్ నుంచి డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోకి ఫైళ్లు దిగకపోతే చాలామంది ముందుగా చేసేది యాంటీవైరస్‌ని ఆపేయడం. మొన్న మా అక్కా అదే చేసింది. సింక్ (క్లౌడ్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఫైళ్లను ఒకేలా ఉంచే పని) గుర్తు గిర్రున తిరుగుతూనే ఉంది, కింద మూలన ఏదో అడ్డుకున్నట్టు సందేశం వచ్చి పోతోంది.

ఆపేస్తే తప్పెక్కడుందో నిమిషంలో తెలుస్తుంది. దాని ఉపయోగం అంతవరకే. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లో రియల్-టైమ్ ప్రొటెక్షన్ (ఫైళ్లను ఎప్పటికప్పుడు తనిఖీ చేసే కాపలా) ఆపినా కాసేపటికి దానంతటదే ఆన్ అవుతుంది, సమస్య మళ్లీ మొదటికొస్తుంది. ఈలోపు దిగే అటాచ్‌మెంట్లకు తనిఖీ ఉండదు.

సింక్ యాప్‌కి అనుమతివ్వడం కాస్త ఓపిక పని, కానీ నిలుస్తుంది. విండోస్ 10లో 2017 నుంచి 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' ఉంది. ఆన్‌లో ఉంటే, రాన్సమ్‌వేర్ (ఫైళ్లను బందీ చేసి డబ్బడిగే వైరస్) మన ఫైళ్లకు తాళం వేయకుండా, నమ్మకం కుదరని ప్రోగ్రామ్‌లను డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలో చెయ్యి పెట్టనివ్వదు. విండోస్ సెక్యూరిటీ యాప్‌లో రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ తెరిచి బ్లాక్ హిస్టరీ చూడండి. సింక్ యాప్ పేరు అక్కడుంటే దాన్నొక్కదాన్నే అనుమతించండి. దయచేసి ఫోల్డర్ మొత్తాన్ని స్కాన్ నుంచి మినహాయించకండి. ఇంకో కంప్యూటర్‌లో వైరస్ పట్టిన ఫైలు సింక్ దారిలో నేరుగా అక్కడికే వచ్చి కూర్చుంటుంది.

అక్క లాప్‌టాప్‌లో ఆ ఒక్క అనుమతితోనే ఆగిన ఫైళ్లన్నీ దిగాయి.