జకార్తాలో మూడు రోజులు: మోనాస్ క్యూ కన్నా మెంతెంగ్‌లోని ఆ ఇల్లే మేలు

ఇండోనేషియా వెళ్ళి జకార్తాలో ఒక్క చోటికే టైముంటే, 132 మీటర్ల జాతీయ స్మారకం మోనాస్ స్తంభం ఎక్కొద్దు. అమ్మా నేనూ లిఫ్టు కోసం రెండు గంటలు నిలబడి పైన చూసింది పది నిమిషాలు. మెంతెంగ్ అనే పేటలో ఇమామ్ బొంజోల్ వీధి, ఒకటో నంబరు ఇంటికి వెళ్ళండి, ఇప్పుడది మ్యూజియం.

అప్పట్లో అది జపాన్ నౌకాదళ అధికారి మయేదా ఇల్లు. డచ్చివాళ్ళని వెళ్ళగొట్టి మూడున్నరేళ్ళు ఏలిన జపాన్ లొంగిపోయిందో లేదో, 1945 ఆగస్టు 16 రాత్రి స్వాతంత్ర్య పోరాట నాయకులు సుకర్ణో, హట్టా, సుబర్జో ఇక్కడ కూర్చుని తెల్లవారేలోగా స్వాతంత్ర్య ప్రకటన రాసేశారు. సుకర్ణో చేతిరాత నకలు ఉంది చూడండి, ఉన్నవి రెండే వాక్యాలు, అందులోనూ కొట్టివేతలు! నేనక్కడే చాలాసేపు ఉండిపోయాను.

అంతకన్నా పెద్ద కొట్టివేత ఆగస్టు 18న జరిగింది. రాజ్యాంగ పీఠిక ముసాయిదాలో ముస్లింలు షరియత్ పాటించాలనే ఏడు మాటలుండేవి. అలాగైతే తూర్పు దీవుల క్రైస్తవులు కలిసి రారని తెలిసి హట్టా ముస్లిం నాయకులతో మాట్లాడి ఒప్పించారు, ఆ మాటలు తీసేశారు. ముస్లింలకి అంత మెజారిటీ ఉండి కూడా దేశం ముక్కలు కాకూడదని తగ్గారు, నాకైతే ఒళ్ళు జలదరించింది. అలాగని పూర్తి సెక్యులర్ దేశం అనలేం, వాళ్ళ పంచశీలలో, అంటే దేశానికి పునాదిగా పెట్టుకున్న ఐదు సూత్రాల్లో, మొదటిదే ఏకైక దేవుడిపై నమ్మకం, ప్రభుత్వం గుర్తించిన మతాలు ఆరు, ఆచే అనే రాష్ట్రంలో షరియత్ చట్టం నడుస్తోంది. ఆ ఏడు మాటలు మళ్ళీ పెట్టాలనే వాదన తర్వాత కూడా చాలాసార్లు లేచింది, నెగ్గలేదు.

ఇస్తిక్‌లాల్ మసీదు తప్పక చూడండి. ఎదురుగానే క్యాథలిక్ చర్చి, మసీదు డిజైన్ చేసిన సిలబాన్ కూడా క్రైస్తవుడే. మాకు పైన వేసుకోవడానికి గౌను ఇచ్చి ఓపిగ్గా తిప్పి చూపించారు. మోనాస్ దగ్గర రోడ్డు మీద కృష్ణార్జునుల రథం విగ్రహం కనిపించగానే అమ్మ చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుంది.

మేం దిగిన హోటల్లో ఏసీ నీళ్ళు మంచం మీద పడ్డాయి, రెండుసార్లు అడిగితేగాని గది మార్చలేదు. శాకాహారులైతే గాడో-గాడో (కూరగాయల మీద వేరుశనగ పచ్చడి వేసిచ్చే వంటకం) చెప్పేటప్పుడు రొయ్యల అప్పడం వద్దని, పచ్చడిలో రొయ్య ముద్ద ఉందా అని ముందే అడగండి. లోకల్ రైళ్ళు మోనాస్ పక్కనున్న గంబీర్ స్టేషన్లో ఆగవు, మసీదుకి జువాండా, మెంతెంగ్‌కి గొందంగ్దియా స్టేషన్లో దిగాలి. సోమవారం మాత్రం పెట్టుకోకండి, మ్యూజియాలకి సెలవు.