స్ప్రింగు ఇంట్లోనే విప్పాలా, ప్రెస్ దగ్గరికి మోయాలా?

నా పాత మారుతి జెన్‌కి ముందు షాకబ్జార్బర్లు మార్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా బెంగళూరు మారతహళ్ళి అపార్ట్‌మెంట్‌లో అందరిదీ ఒకటే ప్రశ్న: "కొక్కేల కంప్రెసర్ జత కొనుక్కుంటే సరిపోదా? గ్యారేజీకి ఎందుకు?"

షాకబ్జార్బర్ మార్చాలంటే దాన్ని చుట్టుకుని ఉన్న స్ప్రింగును ముందు నొక్కి పట్టాలి. స్ప్రింగుకు రెండు పక్కలా తగిలించి, మరలు తిప్పి నొక్కే కొక్కేల జతే ఈ కంప్రెసర్. గ్యారేజీలోనైతే ఆ పనికి ప్రెస్ ఉంటుంది. కొనుక్కోవచ్చు, నేనూ కొన్నాను. జేసీ రోడ్డులో అడిగితే ఇస్తారు, ధర ఎక్కువేం కాదు, డిక్కీలో ఓ మూల పడుంటుంది. ఆదివారం తీరిగ్గా పని చేసుకోవచ్చు. మొదటి స్ప్రింగు దాంతోనే నొక్కాను, ఏ ఇబ్బందీ రాలేదు. రెండోదానికి వచ్చేసరికి తొందర. ఒక పక్క మర నాలుగైదు చుట్లు ఎక్కువ తిప్పేశాను. స్ప్రింగు అరటికాయలా వంగింది. టిక్‌మని చిన్న చప్పుడు. చూస్తే రెండో పక్క కొక్కెం చుట్టు మీద అర వేలు జరిగి ఉంది.

ఒక మిల్లీమీటరు దిగడానికి 2 కిలోలు అడిగే స్ప్రింగును 10 సెంటీమీటర్లు నొక్కామనుకోండి. 200 కిలోల బలంతో ఎదురు తంతూ ఉంటుంది. అందులో దాగిన శక్తి 10 కిలోల బండ మీటరు ఎత్తు నుంచి పడ్డంత. అదీ మన మొహానికి మూరెడు దూరంలో.

అందుకే నా లెక్కలో తేల్చేది ధర కాదు, కంప్రెసర్ ఇనుము కూడా కాదు. రెండు పక్కలా సమానంగా నొక్కే బాధ్యత ఎవరిది అన్నదే. స్ప్రింగు చుట్టు ఏటవాలుగా ఉంటుంది, పాతదైతే దాని మీద తుప్పు పెచ్చులు, నూనె. కొక్కెం జారడానికి ఇంకేం కావాలి? ఎదురెదురుగా పెట్టి, అటు ఒక చుట్టు ఇటు ఒక చుట్టు తిప్పుతూ పోవడమంతా మన ఓపిక మీదే ఆధారం. గోడకు బిగించిన ప్రెస్‌లో పైదవడ, కిందిదవడ ఒకే మర మీద ఒకే గీతలో దగ్గరవుతాయి. తొందరపడ్డా వంకర పోయే వీలు తక్కువ.

ఆ రోజు కొక్కేలు మెల్లగా వదులు చేసేసి, స్ప్రింగూ షాకబ్జార్బరూ కలిసి ఉన్న స్ట్రట్‌ను సోనామసూరి సంచిలో వేసుకుని ఆటోలో గ్యారేజీకి వెళ్ళాను. అక్కడి మెకానిక్ మదనపల్లె ఆయన. ప్రెస్‌లో నొక్కాక కూడా నట్ ముట్టుకోలేదు, ముందు స్ప్రింగును చేత్తో అటూ ఇటూ తిప్పి చూశాడు. "చేత్తో తిరగాల సార్. తిరక్కుంటే దానికింకా కోపం తగ్గలేదని" అన్నాడు.

ఇప్పుడు నా పద్ధతి మధ్యస్తం. స్ట్రట్ దించడం ఇంట్లోనే, స్ప్రింగు విప్పడం మాత్రం ప్రెస్ దగ్గర. దించేటప్పుడు బానెట్ కింద చుట్టూ ఉన్న చిన్న నట్లే విప్పాలి. మధ్యలో ఉన్న పెద్ద నట్ జోలికి అస్సలు వెళ్ళకండి, స్ప్రింగును ఆపి ఉంచేది అదే. కాదు, కొక్కేలే వాడతానంటే మరలకు గ్రీజు పెట్టండి, చేతి పానాతోనే తిప్పండి, ఇంపాక్ట్ గన్ వద్దు. స్ప్రింగు కొసలు మనుషుల వైపు ఉండకూడదు.

తాడు, ఇనుప తీగ కట్టి నట్ విప్పేవాళ్ళూ ఉన్నారు. దాని గురించి రాయడం కూడా దండగ. పద్మినిలాంటి విష్‌బోన్ల (చక్రాన్ని పట్టి ఉంచే V ఆకారపు చేతుల) బండ్లకు ఈ మాటలేవీ వర్తించవు, తెలిసినవాళ్ళకే ఇవ్వండి. పాత అంబాసిడర్ వాళ్ళు నవ్వుకోవచ్చు, వాళ్ళకు ముందు ఉండేది చుట్టల స్ప్రింగులు కాదు, టార్షన్ బార్లు, అంటే మెలితిరిగే ఇనుప కడ్డీలు.

జెన్ వెనక స్ప్రింగులకైతే ఏ కంప్రెసరూ అక్కర్లేదు. బాడీని స్టాండ్ల మీద నిలిపి, ఇరుసు కింద జాకీ పెట్టి, షాకబ్జార్బర్ కింది బోల్టు తీసి జాకీని మెల్లగా దించితే స్ప్రింగు వదులై చేతికొస్తుంది. బ్రేకు హోసు మీద మాత్రం ఓ కన్నేసి ఉంచండి.

ముందువి బిగించాక అలైన్‌మెంట్ చేయించండి. నేను రెండు వారాలు వాయిదా వేశాను, కారు ఎడమకి లాగుతూనే ఉంది.