పరీక్షా, పట్టా, పని లెక్కా? అనువాదకుల సంఘంలో సభ్యత్వానికి ఏ దారి మేలు?

ఎనిమిదేళ్లుగా అనువాదాలు చేస్తున్నానని చెప్పుకోవడానికి నా మాట తప్ప నా దగ్గర ఇంకే సాక్ష్యమూ లేదు. ఒక సంఘంలో సభ్యత్వం కోసం ఫారం నింపడానికి కూర్చున్న రోజున ఆ సంగతి తెలిసొచ్చింది. పని ఈమెయిల్లో వచ్చేది, చేసి పంపేవాణ్ణి, డబ్బు పడేది. ఎన్ని పదాలు, ఏ విషయం, ఎవరికి అన్న లెక్క ఎక్కడా రాసుకోలేదు. అందరికంటే ఎక్కువ పని ఇచ్చిన ఏజెన్సీ అప్పటికే మూతపడింది. ఇంకో చోట అడిగితే "అలాంటి లెటర్లు ఇవ్వడం మా పాలసీ కాదండీ" అన్నారు. అప్పుడు మొదలుపెట్టాను ఆరా తీయడం, అసలు ఈ అర్హతకు ఎన్ని దారులున్నాయి, అందులో మనలాంటివాళ్లకు పనికొచ్చేది ఏది అని.

ముందు ఒక తికమక తీరాలి. సభ్యత్వం వేరు, సర్టిఫికేషన్ వేరు. ఆస్ట్రేలియాలో పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చేది 1977లో పుట్టిన 'నాటి' (NAATI) అనే సంస్థ. అనువాదకుల సంఘం మాత్రం అది కాదు, ఆసిట్ అనే వేరే సంస్థ. అమెరికాలో అనువాదకుల సంఘమైన ఏటీఏ ఆ రెండు పనులూ తనే చేస్తుంది. మనవాళ్లలో చాలామంది "నాటి పాసయ్యాను" అంటుంటారు. తీరా అడిగితే అది సీసీఎల్ అవుతుంది. 90 మార్కులకు 63 వస్తే ఆస్ట్రేలియా వీసాకు 5 పాయింట్లు కలిసే పరీక్ష అది. మంచిదే, కానీ అది ఉన్నంతమాత్రాన ఎవరూ ఇంటర్‌ప్రెటర్ (దుబాసీ) అయిపోరు.

సభ్యత్వంలోనూ మెట్లుంటాయి. ఫీజు కడితే ఎవరికైనా దొరికే అసోసియేట్ సభ్యత్వం ఆటలో అరటిపండు లాంటిది. మీటింగులకు వెళ్లొచ్చు, నలుగురితో పరిచయం పెరుగుతుంది, ఓటు మాత్రం ఉండదు. కొత్తవాళ్లకు అది చాలు. కానీ పేరు పక్కన రాసుకోదగ్గది దానిపై మెట్టు, అర్హత చూసి ఇచ్చేది. దాని కోసమే ఈ తంటా అంతా.

పరీక్ష దారి

చూడ్డానికి ఇదే అన్నింటికంటే నిక్కచ్చి. ఏటీఏ పరీక్ష మూడు గంటలు. ఒక్కో భాగం 250 పదాలకు అటూ ఇటూ ఉంటుంది. డిగ్రీ ఉందా, ఎన్నేళ్లు చేశారు అని అడగరు. తప్పు తీవ్రతను బట్టి 1, 2, 4, 8, 16 చొప్పున పాయింట్లు వేస్తారు. ఒక భాగంలో 18 చేరకుండా, అంటే 17కి మించకుండా ఉంటేనే గట్టెక్కినట్టు. ఒక్క వాక్యం అర్థం తలకిందులైతే 16 పడిపోవచ్చు, మిగతాదంతా ముత్యాల్లా ఉన్నా సరే. పాసయ్యేవాళ్లు 20 శాతం లోపేనని ఆ సంస్థే చెబుతుంది.

250 పదాలు అంటే ఒక పేజీ కూడా కాదు. ఏళ్ల తరబడి మందుల కంపెనీలకు పనిచేసినవారు అక్కడ తమకు అలవాటు లేని వ్యాసం చూసి తడబడొచ్చు. నిజమైన పనిలో సందేహం వస్తే క్లయింటును అడుగుతాం, రాత్రి పడుకుని పొద్దున్నే మళ్లీ చదువుతాం. పరీక్ష హాల్లో ఆ రెండూ కుదరవు. కాబట్టి ఫెయిలైనంతమాత్రాన చెడ్డ అనువాదకులని కాదు. పాసైనవాళ్లు మాత్రం మంచివాళ్లే అయ్యుంటారు, అక్కడ అదృష్టానికి చోటు తక్కువ.

మనకు అసలు చిక్కు వేరే ఉంది. ఏటీఏ పరీక్ష పెట్టే భాషల జాబితాలో తెలుగు లేదు. దిద్దడానికి ఏ భాష నుంచి ఏ భాషలోకి చేస్తున్నామో ఆ రెండూ తెలిసిన నలుగురు అనుభవజ్ఞులు కావాలి, రాసేవాళ్లు ఏటా సరిపడా ఉండాలి. అప్పుడే ఏ సంస్థకైనా గిట్టుబాటు. అందుకే ఈ పరీక్షలు స్పానిష్, ఫ్రెంచ్, చైనీస్ లాంటి భాషల చుట్టూనే తిరుగుతుంటాయి. మీ భాషల జంటకు పరీక్ష ఉందా లేదా అన్నది అన్నింటికంటే ముందు చూసుకోవాలి. లేకపోతే ఈ దారి గురించి టెన్షన్ పడక్కర్లేదు.

పట్టా దారి

అనువాదంలో ఎం.ఏ. లాంటిది చేస్తే చాలా తలుపులు సులువుగా తెరుచుకుంటాయి. అనువాద సేవలకు 2015లో వచ్చిన ఐఎస్ఓ 17100 ప్రమాణం ఉంది కదా, పేరున్న ఏజెన్సీలు దాన్నే పట్టుకుని మనల్ని అడుగుతుంటాయి. అందులో అనువాదకులకు మూడు రకాల అర్హతలున్నాయి, ఏ ఒక్కటి ఉన్నా చాలు. అనువాదంలో డిగ్రీ, లేదా వేరే ఏ డిగ్రీ అయినా ఉండి రెండేళ్ల పూర్తికాలం అనుభవం, లేదా డిగ్రీ మాట లేకుండా ఐదేళ్ల పూర్తికాలం అనుభవం.

చదువులో నాకు నచ్చేది పట్టా కాదు, దిద్దేవాళ్లు ఉండటం. పరీక్షలో పాసో ఫెయిలో తెలుస్తుంది, అంతే. పనిలో క్లయింటు డబ్బు వేస్తే బాగుందనుకోవాలి. ఎక్కడ ఎందుకు తప్పామో ఎదురుగా కూర్చుని చెప్పేది క్లాసులోనే. ఇరవై రెండేళ్ల వయసులో ఉండి రెండేళ్లు కేటాయించగలిగితే కళ్లు మూసుకుని చేరొచ్చు. ఇప్పటికే వేరే డిగ్రీ ఉండి చేతిలో పని ఉన్నవారు మాత్రం ఒక కార్డు కోసం మళ్లీ బెంచీ ఎక్కనక్కర్లేదు. పై లెక్కలో రెండోది వాళ్లకు ఎలాగూ సరిపోతుంది.

పని లెక్క చూపే దారి

పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంటుంది ఇది. సభ్యత్వం ఉంటే పని వస్తుంది, పని చేసుంటే సభ్యత్వం ఇస్తారు. అయినా తెలుగులాంటి భాషల్లో పనిచేసేవాళ్లలో ఎక్కువమందికి నిజంగా తెరిచున్న తలుపు ఇదే.

ఇక్కడ చేసిన పని కంటే దాని రుజువే ఎక్కువ కష్టం. "పూర్తికాలం" అన్న మాట ఫ్రీలాన్సర్లకు ఎలా నప్పుతుంది? ఒక నెల ఊపిరాడదు, మరో నెల ఈగలు తోలుకుంటాం. అందుకే పదాల మొత్తం, ఇన్‌వాయిస్‌లు, పన్ను కాగితాలు కలిపి చూపాలి. క్లయింటు లెటర్‌లో "బాగా చేశారు" అని ఉంటే సరిపోదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ భాష నుంచి ఏ భాషలోకి, ఏ రంగం, సుమారు ఎన్ని పదాలు అన్నవి కనిపించాలి.

ఇంకో ముడి గోప్యత. నమూనాలు పెట్టమంటారు. మనం చేసిన వాటిలో సగం బయట చూపకూడదని సంతకం పెట్టినవే. పేర్లు చెరిపేసి పెట్టేస్తే సరిపోతుందనుకుంటారు కొందరు. నేనైతే ఒప్పుకోను. అడిగి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, లేదా ఇప్పటికే బహిరంగంగా ఉన్న కరపత్రమో వెబ్‌సైటో చూపాలి. సభ్యత్వం ఇచ్చే సంఘాల్లో దాదాపు అన్నింటికీ ప్రవర్తనా నియమావళి ఉంటుంది, అందులో గోప్యత ముందు వరసలోనే ఉంటుంది. దాన్ని మీరి ఆ సంఘంలోనే చేరబోవడం ఏం బాగుంటుంది?

దుబాసీల సంగతి వేరు

రాసినది కాగితం మీద నిలుస్తుంది, ఎవరైనా తర్వాత దిద్దొచ్చు. నోటితో చేసే అనువాదం గాలిలో కలిసిపోతుంది. అది ఎలా ఉందో తెలిసేది పక్కన కూర్చుని విన్నవాళ్లకే. 1953లో ఏర్పడిన అంతర్జాతీయ కాన్ఫరెన్స్ ఇంటర్‌ప్రెటర్ల సంఘం ఏఐఐసీ అందుకే పరీక్షే పెట్టదు. కనీసం 150 రోజులు కాన్ఫరెన్సుల్లో పనిచేసి ఉండాలి, మీ పని విన్న పాత సభ్యులు మీ తరఫున పూచీ ఇవ్వాలి. భాషలను కూడా ఎ, బి, సి అని వర్గం చేస్తారు. ఎ అంటే మాతృభాషతో సమానం. బి అంటే అందులోకి మాట్లాడగలిగేది. సి అంటే విని అర్థం చేసుకోగలిగేది. ఈ పద్ధతి నిజాయితీగా ఉంటుంది, కానీ తెలిసినవాళ్లకే తలుపు తెరిచినట్టూ ఉంటుంది. మీ భాష తెలిసిన సభ్యులే లేకపోతే పూచీ ఇచ్చేదెవరు?

ఆసుపత్రుల్లో పనిచేసేవారికి అమెరికాలో కాస్త మధ్యేమార్గం ఉంది. సీసీహెచ్ఐ అనే సంస్థ స్పానిష్, అరబిక్, మాండరిన్‌లకు మాటతో పరీక్ష పెడుతుంది. మిగతా భాషలవాళ్లు కోర్‌సీహెచ్ఐ అనే ఇంగ్లీషు రాతపరీక్ష రాయొచ్చు. దానికి 40 గంటల శిక్షణ, రెండు భాషలూ వచ్చిన రుజువు ముందే చూపాలి. తెలుగులో మీరెలా చెబుతారో ఆ రాతపరీక్ష చూడదు. వైద్య పరిభాష, నీతి నియమాలు తెలుసా అనే చూస్తుంది. లేని దానికంటే నయం.

నన్నడిగితే, మీ భాషల జంటకు పరీక్ష ఉండి, ఒకటి రెండుసార్లు ఫెయిలైనా తట్టుకునే మనసూ డబ్బూ ఉంటే పరీక్షే రాయండి. ఒకసారి దాటితే ఎవరూ మిమ్మల్ని మళ్లీ సాక్ష్యం అడగరు. అయితే అక్కడితో అయిపోదు, ఏటీఏవాళ్లకైనా సభ్యత్వం కొనసాగించాలి, మూడేళ్లకోసారి 20 విద్యా పాయింట్లు చూపాలి. తెలుగులో చేసేవాళ్లయితే మాత్రం పని లెక్కే గతి. మొదటి పని వచ్చిన రోజే ఒక ఎక్సెల్ షీట్ తెరిచి తేదీ, భాషలు, రంగం, పదాలో గంటలో రాసుకోవడం మొదలుపెట్టండి. పని ముగిసిన వారంలోపే లెటర్ అడగండి. ఏడాది తర్వాత అడిగితే అక్కడ మనల్ని ఎరిగినవాళ్లు ఉండరు.

నా కథకొస్తే, మూతపడిన ఏజెన్సీలో నాకు పని పంపిన మేనేజర్‌ని చివరికి లింక్డ్‌ఇన్‌లో పట్టుకున్నాను. ఆవిడ ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నారు. "మీరెందుకు గుర్తులేరండీ, ఎప్పుడూ గడువుకు అరగంట ముందే పంపేవారు" అని రెండు రోజుల్లో లెటర్ పంపారు. సంతకం, తేదీలు అన్నీ ఉన్నాయి. పదాల సంఖ్య దగ్గర మాత్రం ఖాళీ వదిలి, పాత ఇన్‌వాయిస్‌లు చూసి నన్నే లెక్కకట్టి పంపమన్నారు.